ఆల్ప్సు పర్వతసీమలయందు రోమక విజయము: జనవాసములు, సంస్కృతి

మధ్యధరాసముద్ర తీరమున, నేఁటి మొనాకో పట్టణమునకుఁ బైనున్న కొండమీఁద లా ట్యుర్బీ యను గ్రామము గలదు. రోమక చక్రవర్తి యగు అగస్టసు పేర క్రీ. పూ. 7-6 సంవత్సరములయందు నిలుపఁబడిన విజయచిహ్న మొకటి యచ్చట సగము శిథిలమై నేఁటికిని నిలిచి యున్నది. దానిపైఁ జెక్కిన శాసనము, ఎగువ సముద్రము మొదలు దిగువ సముద్రము వఱకుఁ గల ఆల్ప్సు జాతులన్నియు రోము ప్రజల యేలుబడిలోనికి వచ్చినవని చెప్పి, జయింపఁబడిన 45 జాతుల పేళ్లను వరుసగాఁ బేర్కొనుచున్నది. కాలక్రమమున ఆ ఫలకము ముక్కలు ముక్కలయ్యెను. కాని ప్లినీ యను పండితుఁడు (క్రీ. శ. 23-79) తన ప్రకృతిచరిత్రయందు ఆ పాఠము నంతయు ఎత్తి వ్రాసి యుండుటచేత, 20వ శతాబ్దమునఁ బరిశోధకులు దొరకిన తునుకలను ఆ పాఠముతో సరిపోల్చి శాసనమును మరలఁ గూర్పఁగలిగిరి. గ్రంథము శిలను రక్షించిన యుదాహరణములలో నిది యొకటి.

ఇట్టి శాసనమును మన దేశమునఁ బ్రశస్తి యందురు. ప్రశస్తి గెలిచినవాని వాక్కు. ఓడినవారి పేళ్లు అందుండును గాని, ఓడిన మఱునాఁడు వారి గతి యేమయ్యెనో అందుండదు. ఆ 45 జాతులు నశించెనా? ఊళ్లు విడిచి పాఱిపోయెనా? లేక యున్నచోటనే యుండి వేఱొక జనముగా మాఱెనా? ఈ ప్రశ్నలకు సమాధానము ప్రశస్తియందు దొరకదు. అది ఇతర గ్రంథకర్తల మాటలను, చిన్నచిన్న శాసనములను, నేలలోనుండి వెలువడిన యిండ్ల పునాదులను ఒక్కచోటఁ జేర్చి పరిశీలించినఁ గాని తెలియదు. అట్లు పరిశీలింపఁగాఁ దేలు విషయ మేమనఁగా: కొండజనము నశింపలేదు, కొండనుండి లోయకు దిగినది. నశించినది వారి భాష. అదియుఁ బూర్తిగా నశింపలేదు.

పూర్వస్థితి

ఆల్ప్సు పర్వతపంక్తి ఇటలీ దేశమున కుత్తరమున విల్లువలె వంగి యున్నది. ఆ వంపులోపలిది పో నదీమైదానము. రోమకులు ఆ మైదానమును క్రీ. పూ. రెండవ శతాబ్దారంభమునకే చాలవఱకు వశపఱచుకొనిరి. కాని దానికిఁ గోటగోడవలె నిలిచిన పర్వతములను సాధించుటకు మఱి దాదాపు రెండు వందల యేండ్లు పట్టినది. ఇది బలము చాలక కాదు, అక్కఱ లేక. మైదానమునఁ బండు ధాన్యము, ద్రాక్ష కొండలపైఁ బండవు. కొండజనము అప్పుడప్పుడు దిగివచ్చి దోఁచుకొనినచో సేనను బంపి తఱిమివేయుట యంతవఱకుఁ జాలియుండెను.

ఆ పర్వతములలోఁ బడమట లిగురీయ జాతులును కెల్టు జాతులును, నడుమ రేటీయులును, తూర్పున నోరికులును నివసించుచుండిరి. వారి పల్లెలు తఱుచుగా ఎండ తగులు కొండవాలులమీఁదను, మెట్టలమీఁదను ఉండెడివి. లోయ యడుగు వరదలకును బురదకును నెలవు. మెట్టయో, శత్రువును దూరమునుండియే చూడఁదగిన చోటు. రేటీయ సీమలయందు త్రవ్వకములలోఁ గనఁబడిన యిండ్లు సగము నేలలోనికిఁ ద్రవ్వి, రాతిగోడలు పేర్చి, పైభాగమును కొయ్యతోఁ గట్టినవి. వేసవిలోఁ బశువులను పైబీళ్లకుఁ దోలుకొనిపోవుట, శీతకాలమునఁ గ్రిందికి దింపుట వారి జీవనక్రమము.

వీరిని అనాగరికులని తలంచుట పొరపాటు. నోరికుల యినుము ఇటలీయంతటను ప్రసిద్ధి కెక్కినది. రేటీయులు ఎట్రుస్కనుల లిపినుండి పుట్టిన యక్షరములతోఁ దమ భాషను వ్రాసికొనిరి. అట్టి వ్రాఁతలు మూఁడు వందలకు మించి దొరకినవి. నేఁటి వాల్ కమోనికా లోయయందు నివసించిన కమున్నులు కొండఱాళ్లపై మానవులను, లేళ్లను, నాఁగళ్లను, ఇండ్లను, ఆయుధములను చెక్కుచు వచ్చిరి. వారి పూర్వులు వేలకొలఁది యేండ్లుగా నడపిన యా పనివలన 1,40,000 కంటె హెచ్చు బొమ్మలు ఏర్పడినవి. ఆ లోయ 1979వ సంవత్సరమున ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపఁబడెను.

కనుమలు, సుంకములు, నీరు

రోమునకుఁ బర్వతములతో అక్కఱ కలిగినది గాలు దేశము వశమైన పిదప. గాలు దేశమునకును ఇటలీకిని నడుమ సేనలు, వర్తకులు, వార్తాహరులు నిత్యము నడువవలసి వచ్చెను. నడుచుటకుఁ గనుమలు గలవు. కనుమలకుఁ గాపరులు గలరు. క్రీ. పూ. 57లో జూలియసు సీజరు తన సేనానియగు గల్బాను పెన్నీను కనుమదారి తెఱచుటకై పంపెను. వర్తకులు ఆ దారిని గొప్ప యపాయములకు లోనై, గొప్ప సుంకములు చెల్లించుచుఁ బోవుచుండిరని సీజరే కారణము చెప్పినాఁడు. గల్బా ఒక్టోడూరసు గ్రామమున శీతకాలము గడపఁబూనెను. కొండజనము నలువైపుల నుండి మీఁదఁబడఁగా, జయము కలిగియు, నిలువలేక మరలిపోయెను. కనుమ తెఱవఁబడలేదు.

ఈ కథ సలస్సుల విషయమున మఱింత స్పష్టమగును. వీరు నేఁటి ఆవోస్తా లోయయందు, రెండు గొప్ప కనుమలు కలియు చోట నుండిరి. వారి నదీతీరమున బంగారము గలదు. దానిని కడుగుటకై వారు నదినీటిని కాలువలుగాఁ జీల్చి తీసికొనిపోఁగా, క్రిందనున్న మైదానపు రైతుల పొలములకు నీరు చాలకపోయెనని స్ట్రాబో అను భూగోళజ్ఞుఁడు వ్రాసినాఁడు. ఎగువవానికి బంగారము, దిగువవానికి పైరు: తగవు ఎడతెగక సాగెను. క్రీ. పూ. 143లో రోమక కాన్సలు అప్పియసు క్లాడియసు వీరిపై దండెత్తెను. క్రీ. పూ. 100లో లోయ ముఖద్వారమున ఎపొరెడియా, అనఁగా నేఁటి ఇవ్రియా, యను రోమక వలస స్థాపింపఁబడెను. అయినను పైకొండలు సలస్సుల చేతనే యుండెను. క్రీ. పూ. 43లో డెసిమసు బ్రూటసు పాఱిపోవుచు ఆ దారిని బోఁగా, వారు తలకొక ద్రాఖ్మా చొప్పున సుంకము పుచ్చుకొని గాని విడువలేదు. మెస్సాలా యను సేనాని వారికి సమీపమున శీతకాలము విడిసినపుడు వంటచెఱకునకును, ఈటెల కఱ్ఱలకును గూడ మూల్యము చెల్లింపవలసి వచ్చెను. ఇవన్నియు స్ట్రాబో చెప్పిన సంగతులే. లోకమేలు ప్రభుత్వమునకు ఈ చిన్న సుంకములు పెద్ద యవమానముగాఁ దోఁచుట సహజము.

సలస్సులు: గ్రంథము, శిల

క్రీ. పూ. 25లో టెరెన్షియసు వర్రో సలస్సులను లోఁబఱచెను. పిదప జరిగినదానిని ఇద్దఱు చరిత్రకారులు రెండు విధములుగాఁ జెప్పిరి. స్ట్రాబో లెక్కనుబట్టి 36,000 మంది సామాన్యజనులును, 8,000 మంది యోధులును ఎపొరెడియాకుఁ గొనిపోఁబడి బానిసలుగా అమ్మఁబడిరి. రెండు శతాబ్దముల పిదప వ్రాసిన డియో మాత్రము యుద్ధవయస్కులైన వారినే పట్టి యమ్మిరనియు, ఇరువది యేండ్లవఱకు వారికి విడుదల యీయరాదని నియమము చేసిరనియుఁ జెప్పినాఁడు. ఖాళీయైన భూమిలో 3,000 మంది రోమకులతో అగస్టా ప్రెటోరియా యను పట్టణము వెలసెను. ఆవోస్తా యను పేరు ఈ అగస్టా శబ్దభవమే.

స్ట్రాబోను మాత్రమే చదివినవారు సలస్సు జాతి యంతటితో నంతరించినదని నిశ్చయింతురు. కాని ఆవోస్తా పట్టణముననే దొరకిన యొక శాసనము వేఱుమాట చెప్పుచున్నది. అది క్రీ. పూ. 23-22 ప్రాంతమునాఁటిది, అనఁగా యుద్ధము ముగిసిన రెండు మూఁడేండ్లకే వేయఁబడినది. మొదటినుండియు ఈ వలసలోఁ జేరి నివసించుచున్న సలస్సులు తమ సంరక్షకుఁడగు అగస్టసునకు దానిని సమర్పించిరని యందున్నది. ఆ శిల గ్రంథపు లెక్క నబద్ధము చేయకున్నను, దాని యర్థమును మార్చివేయుచున్నది. అమ్మఁబడినవారు అనేకులు కావచ్చును. కాని మిగిలినవారు తమ జాతి పేరుతోనే, క్రొత్త పట్టణపు గోడలలోపలనే, పూర్ణపౌరత్వము లేని నివాసులుగా నుండిరి. యుద్ధము గెలిచిన చక్రవర్తికే వారు కానుక నర్పించుట భక్తియో, భయమో, బ్రదుకుఁదెరువో శిల చెప్పదు. వారు ఉండిరన్నది మాత్రము చెప్పును.

కొట్టియసు

సలస్సులకు దక్షిణమున, నేఁటి సూసా పట్టణము కేంద్రముగా, డొన్నసు కుమారుఁడగు కొట్టియసు రాజ్యమేలుచుండెను. ఇతఁడు మొదట దుర్గమములైన కొండలను నమ్మికొని యుండెననియు, తుదకు అగస్టసుతో మైత్రి చేసికొని, ఆ మైత్రికిఁ గానుకగాఁ గనుమలగుండ దగ్గఱిదారులు నిర్మించెననియు నాలుగవ శతాబ్దపు చరిత్రకారుఁడగు అమ్మియానసు వ్రాసినాఁడు. క్రీ. పూ. 9-8లో సూసాయందుఁ గట్టిన తోరణము నేఁటికిని నిలిచి యున్నది. దానిపై నితఁడు రాజు కాఁడు. డొన్నసు రాజు కుమారుఁడును, 14 జనపదములకు అధికారియు నగు మార్కసు జూలియసు కొట్టియసు. తండ్రికి రాజశబ్దము, కొడుకునకు ఉద్యోగనామము. ఒక్క తరములో జరిగిన మార్పంతయు ఆ రెండు మాటలలో నున్నది. తోరణముపైని శిల్పపంక్తిలో పంది, గొఱ్ఱె, ఎద్దు బలికిఁ గొనిరాఁబడుచున్నవి. ఇది రోమకుల యాచారబలి. సంధిచేసిన దృశ్యముగూడ అందుఁ గలదు. ఓడినవారిని గట్టి యీడ్చు దృశ్యము లేదు.

ఇచ్చట పాఠపరిశీలకులకుఁ దగిన విషయ మొకటి గలదు. కొట్టియసు జనపదములు శత్రువులు కావు గనుక విజయశాసనమునఁ జేర్పఁబడలేదని ప్లినీ చెప్పి, వాని సంఖ్యను 15గాఁ బేర్కొనెను. తోరణముపై నున్నవి 14 మాత్రమే. అంతేకాక ఆ 14లోఁ గొన్ని పేళ్లు లా ట్యుర్బీ జాబితాయందును గనఁబడుచున్నవి. కాఁబట్టి జయింపఁబడిన కొన్ని జాతులను గూడ రోమకులు కొట్టియసు చేతికిఁ బాలనకై యిచ్చిరని యూహింపవలసి యున్నది. క్రీ. శ. 44లో క్లాడియసు చక్రవర్తి ఆ వంశీయునికి రాజబిరుదము మరల నిచ్చెను. అతఁడు మరణించిన పిదప నీరో ఆ రాజ్యమును రాష్ట్రముగా మార్చెను. కొట్టియసు సమాధి సూసా గోడలచెంత నుండెననియు, న్యాయముగాఁ బాలించి, మైత్రిచే జనమునకు నెమ్మదిఁ గూర్చినవాఁడని జనులు దానిని బూజించుచుండిరనియు అమ్మియానసు సాక్ష్యము. మూఁడున్నర శతాబ్దములకుఁ బైగా నిలిచిన యా గౌరవము జనులు సంధిని పరాభవముగాఁ దలంపలేదనుటకు నిదర్శనము.

రేటీయులు

సంధి లేనిచోట నేమి జరిగెను? క్రీ. పూ. 16లో సీలియసు నెర్వా కమున్నులను జయించెను. మఱుసటి యేఁట అగస్టసు సవతికుమారులగు డ్రూససును టైబీరియసును దక్షిణమునుండియు పడమటనుండియు రేటీయ సీమలోఁ జొచ్చిరి. స్విట్జర్లండులోని క్రాప్ సెస్ అను కొండయిఱుకున ఆనాఁటి యుద్ధభూమి బయల్పడినది. అచ్చట దొరకిన వడిసెల సీసపుగుండ్లపై 3, 10, 12 సంఖ్యలు గల సేనావిభాగముల ముద్రలు గలవు. దానికిఁ బైని, సుమారు 2,200 మీటర్ల యెత్తున, ఒక రోమక సైనికశిబిరము 2023లో గుర్తింపఁబడెను.

జయించిన పిదప రోమకులు యుద్ధవయస్కులలో బలవంతులను చాలమందిని దేశమునుండి తరలించి, భూమిని దున్నుటకుఁ జాలినవారిని, తిరుగఁబడుటకుఁ జాలనివారిని మాత్రమే విడిచిరని డియో వ్రాసినాఁడు. ఆ వాక్యమున రాజనీతి క్రూరముగాఁ గనఁబడును. తరలింపఁబడినవారు ఏమైరో కొంత తెలియుచున్నది: రేటీయుల పేర నేర్పడిన సైనికదళములు సామ్రాజ్యపు నలుమూలల సేవచేసినవి, బ్రిటనులోని రోమక సరిహద్దు ప్రాంతమున సయితము వారి శాసనములు దొరకినవి. కొండనెఱిఁగిన బిడ్డలు దూరదేశపు కోటలకుఁ గావలికాసిరి. కొండలో మిగిలినవారు దున్నుకొని బ్రతికిరి.

కొండనుండి లోయకు

జనవాసముల మార్పునకు మిక్కిలి స్పష్టమైన యుదాహరణము నోరికుల సీమలో, అనఁగా నేఁటి ఆస్ట్రియాలో గలదు. ఆ రాజ్యము పెద్ద యుద్ధము లేకయే రోము వశమైనది. అచ్చటి మాగ్డలెన్సుబెర్గు కొండపై, వేయి మీటర్లకు మించిన యెత్తున, క్రీ. పూ. మొదటి శతాబ్దమధ్యమునుండియే రోమక వర్తకులు స్థిరపడి యినుపసామానులు కొనుచుండిరి. వారి నేలమాళిగల గోడలపై గీకి వ్రాసికొన్న లెక్కలు నేఁటికిని జదువవచ్చును. సేనకు ముందు వర్తకుఁడు వచ్చెననుటకు ఆ గోడలే సాక్షి. క్రీ. శ. మొదటి శతాబ్దమధ్యమున ఆ కొండపట్టణము విడువఁబడి, క్రింది మైదానమున విరూనము అను క్రొత్త ముఖ్యపట్టణము వెలసెను. దానిని దగ్ధముచేసినవారు లేరు, జనము దిగిపోయినది.

గల్బా నిలువలేక మరలిన ఒక్టోడూరసునందు క్లాడియసు చక్రవర్తి పేర నొక పట్టణము వెలసెను. అది నేఁటి మార్టినీ. ఆ లోయలోని నాలుగు జాతులు ఒక్క జనపదముగాఁ గూర్పఁబడినవి. కమున్నుల లోయలో నేఁటి చివిదాతే కమూనో యున్నచోట రంగశాలయు, మల్లయుద్ధశాలయు నిర్మింపఁబడెను. పట్టణపుఁ బేరు కమున్నుల పురమనియే. డ్రూససు వెళ్లినదారి క్రీ. శ. 46-47లో అతని కుమారుఁడగు క్లాడియసుచే పూర్తిచేయఁబడి, ఇటలీనుండి డాన్యూబు నది వఱకు 350 రోమక మైళ్ల రాజమార్గ మయ్యెను. మెట్టమీఁది పల్లెకు బలము దుర్గమత్వము. లోయలోని పట్టణమునకు బలము దారి. దారి యున్నంతవఱకు లోయ గెలిచినది.

అయినను కొండ పూర్తిగా విడువఁబడెనని చెప్పరాదు. పశువులు వేసవిలోఁ బైబీళ్లకుఁ బోవుట మానలేదు. వాలులమీఁదిఁ బల్లెలు చాలఁ గలవు. మఱియు, క్రీ. శ. 4, 5 శతాబ్దములయందు సామ్రాజ్యము సడలి, దారులు భయమునకు నెలవులు కాఁగా, జనము మరల కొండయెక్కినది. నోరికుల సీమలోని హెమ్మాబెర్గు మొదలగు కొండలపై ఆ కాలపు నివాసములును, క్రైస్తవ దేవాలయములును త్రవ్వకములలో బయల్పడినవి. లోయకు దిగుట నాగరకత, కొండయెక్కుట అనాగరకత యను భావము సరికాదు. రెండును క్షేమమును వెదకుకొను జనుల నడకలే.

పౌరత్వము

క్రీ. శ. 1869లో ఉత్తర ఇటలీలోని క్లేసు గ్రామమున ఒక కంచుఫలకము దొరకెను. అది క్లాడియసు చక్రవర్తి క్రీ. శ. 46 మార్చి 15వ తేదిని వెలువరించిన యాజ్ఞ. ఆ ప్రాంతపు అనౌనులు మొదలగు మూఁడు జనములు ఏ హక్కును లేకయే చిరకాలముగా రోమక పౌరులవలె మెలఁగుచుండిరి. ఒకఁడు ఈ సంగతిని బయలుపెట్టెను. విచారింపఁగా, వారిలోఁ గొందఱు చక్రవర్తి యంగరక్షక సేనలోనే యున్నారనియు, మఱికొందఱు రోములో న్యాయనిర్ణేతలై యున్నారనియుఁ దేలెను. వారు పొరుగున నున్న ట్రిడెంటము పౌరులతో నెంతగాఁ గలిసిపోయిరనఁగా, వేఱుపఱచినచో ఆ పట్టణమునకే హాని కలుగును. కాఁబట్టి చక్రవర్తి వారి పొరపాటును మన్నించి, పౌరత్వమును స్థిరపఱచి, వారు ధరించిన రోమక నామములనుగూడ నిలుపుకొననిచ్చెను.

జయింపఁబడి ఇంకను అఱువదియేండ్లు దాఁటినంతనే కొండజనము తాము పౌరులము కామన్న సంగతినే మఱచిపోయిరి! ప్రశస్తి చెప్పలేని చరిత్ర ఇది. విజయము సేనలచే నొక్క వేసవిలో ముగిసినది; కలయిక మాత్రము పెండ్లిండ్లచే, బేరములచే, కొలువులచే, ఎవ్వరి యాజ్ఞయు లేకయే జరిగినది. ఆజ్ఞ జరిగినదాని నంగీకరించినది.

దేవతలు

పెన్నీను కనుమ 2,469 మీటర్ల యెత్తున నున్నది. ఆ పేరు పూనులు, అనఁగా హానిబలు యొక్క కార్తేజి సేనలు, నడచుటవలన వచ్చినదని కొందఱు రోమకులు చెప్పుచుండిరి. లివీ ఈ నిరుక్తిని ఖండించి, శిఖరమునఁ బ్రతిష్ఠితుఁడై, కొండజనులచే పెన్నీనుసు అని పిలువఁబడు దేవునివలన వచ్చినదని చెప్పినాఁడు. అచ్చటి త్రవ్వకములు లివీ పక్షమే. గాలు జాతుల నాణెములు కానుకలుగా దొరకుటచేత రోమక విజయమునకుఁ బూర్వమునుండియు అది పుణ్యస్థలమని తెలియుచున్నది. రోమకులు ఆ దేవుని దమ జూపిటరుతో నేకముచేసి ఆలయముఁ గట్టిరి. ప్రక్కన బాటసారులకు సత్రములు నిర్మించిరి. మంచుదారిని బ్రాణములతో దాఁటినవారు మ్రొక్కుబడిగా నర్పించిన చిన్న కంచుఫలకములు సుమారు 50 దొరకినవి. మధ్యయుగమునను ఆ కనుమకు జూపిటరుకొండ యను పేరే వాడుకలో నుండెను. పిదప అచ్చట బాటసారులకు మఠము స్థాపించిన బెర్నార్డు పేర నేఁడు పిలువఁబడుచున్నది. దేవుఁడు మాఱెను, పేరు మాఱెను. దాఁటువాని భయమును మ్రొక్కును మాఱలేదు.

కమున్నుల లోయలోని బ్రేనో గ్రామమున 1986లో మినర్వాదేవి యాలయము బయల్పడినది. అచ్చట గ్రీసుపాలఱాతి విగ్రహమును, రోమకరీతి మందిరమును గలవు. కాని నీటియూటలచెంత నున్న యా స్థలమున అంతకుమున్నే స్థానికజనుల బలిపీఠములును, అర్చనాస్థానమును ఉండెను. క్రొత్తదేవి ప్రాఁతయూటచెంతనే వెలసినది.

భాష

ఇండ్లు మాఱినను, దేవతలు మాఱినను, వానివెనుక ప్రాఁతది కొంత కనఁబడుచునే యున్నది. భాషవిషయమున మాత్రము నష్టము గొప్పది. రేటీయులు ఎట్రుస్కను సంతతి వారనియు, కొండసీమ వారిని మొఱటువారిఁగాఁ జేసినదనియు, భాషాధ్వని తప్ప పూర్వపుది యేమియు వారికి మిగులలేదనియు లివీ వ్రాసినాఁడు. చిరకాలము పండితులు ఈ మాటను శంకించిరి. 1998లో హెల్ముట్ రిక్సు అను భాషాశాస్త్రజ్ఞుఁడు రేటీయ శాసనములను బరిశీలించి, ఆ భాష ఎట్రుస్కనునకు బంధువేయని సోపపత్తికముగాఁ జూపెను. కమున్నుల వ్రాఁతలు అక్షరములు తెలిసియు, అర్థము తెలియక యున్నవి. రోమక విజయానంతరము ఈ భాషలలో వ్రాయుట క్రమముగా నిలిచిపోయినది. ఎవ్వరును నిషేధించినట్లు ఆధారము లేదు. సేనలో, సంతలో, న్యాయస్థానమున లాటినే చెల్లుబడి యగుటచేత, తండ్రి కొడుకునకుఁ దన భాషను వ్రాయ నేర్పుట మానెను. మనుమఁడు మాటాడుటయు మానెను.

అయినను కొండకు మాత్రమే చెల్లు వస్తువులకు లాటినులో మాటలు లేవు. అందువలన కొండగొఱ్ఱెవంటి యొక జింకకుఁ గల కామోక్సు అను పేరును, బండఱాతికిఁ గల క్రాప్ అను పేరును మైదానపు భాషకుఁ జెందినవి కావు. అవి పూర్వభాషలనుండి లాటినులోనికిఁ జొరఁబడి నేఁటివఱకు బ్రతికి యున్నవి. వస్తువులును ఇట్లే క్రిందికి దిగినవి. ఆల్ప్సు ప్రాంతమున ద్రాక్షసారాయమును కట్లు బిగించిన కొయ్యపీపాలలో నిలువచేయుదురని ప్లినీ వింతగాఁ జెప్పినాఁడు. ఇటలీలో వాడుక మట్టిజాడీలే. చక్రములు గల నాఁగలి రేటీయ సీమలోఁ గ్రొత్తగాఁ గనిపెట్టఁబడెననియు అతఁడే వ్రాసెను. రేటీయ ద్రాక్షసారాయము అగస్టసునకు మిక్కిలి ప్రీతి యని స్వెటోనియసు చెప్పినాఁడు. ఓడినవారు నేర్చికొనుటయే కాక నేర్పుటయుఁ గలదు.

సమాప్తి

ఇంతవఱకుఁ జెప్పినదానిని బట్టి ఆల్ప్సు చరిత్రలో నొక్కటే విధానము లేదని తేలుచున్నది. సలస్సులు అమ్మఁబడిరి, కొట్టియసు మన్నింపఁబడెను, రేటీయులు తరలింపఁబడిరి, నోరికులు బేరముతోనే కలిసిరి, అనౌనులు తమకుఁ దెలియకయే పౌరులైరి. ఈ భేదములను ప్రశస్తి చెప్పక, జయింపఁబడిరి అను నొక్క మాటనే చెప్పినది. ఆ మాట యసత్యము కాదు; చాలదు. విజయశాసనము చూచి జాతి నశించెనని వ్రాయువారును, తోరణము చూచి జాతి సుఖించెనని వ్రాయువారును సగము సత్యమునే వ్రాయుదురు. ఆవోస్తాలోని సలస్సుల చిన్నశిల యీ రెంటికిని హద్దుఱాయి వంటిది.

స్విట్జర్లండులోని గ్రావుబుండను మండలమున నేఁటికిని సుమారు 40,000 మంది రోమాన్షు భాషను బ్రధానభాషగా మాటాడుచున్నారు. అది లాటినుపుత్రి. 1938లో ఆ దేశప్రజలు దానిని నాలుగవ జాతీయభాషగా నంగీకరించిరి. రోమక సేనల సీసపుగుండ్లు దొరకిన క్రాప్ సెస్ ఆ మండలములోనిదే. గుండ్లపైని ముద్రలు లాటిను. చుట్టునున్న జనులు మాటాడునది లాటినునుండి పుట్టిన భాష. స్థలనామములోని మొదటిమాట మాత్రము, బండఱాయి యను నర్థముతో, ఓడినవారిది.